గడపలో అల్లుడు

భోజనాల వేళ దాటిపోయినా ఆయా నోట్లో మెతుకు పడలేదు. బెడ్‌పాన్ కడిగిన చేతులు ఆరకముందే ఇంకో గదిలోంచి పిలుపు.

గాలి ద్వారా అంటుకునే జబ్బుల వాళ్ళకి పోయిన నెల దాకా ఈ ఆసుపత్రిలో రెండే గదులుండేవి. ఇప్పుడు ఎనిమిదయ్యాయి. ఆయాలు కాసేపు నడుం వాల్చే గది కూడా అందులోనే కలిసిపోయింది. రిబ్బను కత్తిరించిన పెద్దలు బాగుందన్నారు. నిజంగానే బాగుంది. ప్రతి గది గోడలోనూ ఒక ఫ్యాను, లోపలి గాలిని కప్పు మీదికి లాగేస్తుంది. తలుపు మూసి ఉంటేనే సుమా, తెరిచి ఉంటే ఆ జబ్బు గాలి వరండాలోకే. గదులైతే పెరిగాయి గానీ మనుషులు పెరగలేదు. పిలుపు గంటలు ఇంకా బిగించనే లేదు. అన్ని గదుల కేకలూ ఒక్క ఆయాకి వినపడాలంటే తలుపులు తెరిచి ఉండాలి. అందుకని సూపర్‌వైజరు ఒక్కో గడపలో ఒక్కో ఇటుక పెట్టించాడు.

ఆ ఇటుకకి ఆయాలు అల్లుడుగారని పేరు పెట్టుకున్నారు. గడపలో కూర్చుంటే కదలడు, ఎవరూ ఏమీ అనకూడదు. పెద్ద డాక్టరు తనిఖీకి వచ్చే రోజున ఇటుకలు దాచేసి, అల్లుడు ఊరెళ్ళాడని నవ్వుకునేవాళ్ళు. ఆ పేరు పెట్టింది ఆయా తోడికోడలే. ఆమెదీ ఇదే పని, ఇదే వరండా. ఇప్పుడామె చివరి గదిలో ఆక్సిజన్ గొట్టంతో పడి ఉంది.

ఆయా నీళ్ళు తాగించడానికి వంగితే తోడికోడలు ఆమె చెయ్యి పట్టుకుంది.

"అక్కా, తలుపెయ్యి."

"వేస్తే నువ్వు పిలిచినా నాకు వినపడదే."

"వినపడకపోతే పోనీ. నువ్వూ మంచమెక్కితే పిల్లల్ని ఎవరు చూస్తారు?"

ఆయాకి ఏడుపొచ్చింది. అంతకన్నా ఎక్కువగా విసుగొచ్చింది. ఏం కావాలన్నా మంచం పక్కనే ఉన్న తలుపుని గ్లాసుతో కొట్టమని చెప్పి, ఇటుక తీసి తలుపు మూసింది. మిగతా గదుల వాళ్ళకీ అదే మాట చెప్పి, ఒక్కో తలుపూ మూసుకుంటూ వచ్చింది. చివరి ఇటుకని వరండా మొదట్లో ఉన్న సూపర్‌వైజరు గదికి తీసుకెళ్ళి బల్ల మీద పెట్టింది.

"ఏంటమ్మా ఇది?"

"అల్లుడుగారు సార్. ఇక మీ దగ్గరే ఉంటాడు."

"హాస్యాలొద్దు. ఇంకో మనిషి కావాలని పైవాళ్ళని అడిగాను, పలకలేదు. నన్నేం చెయ్యమంటావు? వెళ్ళి తలుపులు తియ్యి."

"తియ్యను సార్."

"అయితే రేపట్నుంచి రావద్దు."

"సరే సార్. ఇవాళ మాత్రం తియ్యను," అంది ఆయా మెల్లగా.

అంతలో తలుపు మీద స్టీలు గ్లాసు చప్పుడైంది. వెంటనే ఇంకో తలుపు కూడా మోగింది. చివరి గదిలోంచి మాత్రం ఏ చప్పుడూ లేదు.

ఆయా మాస్కు బిగించుకుంది.

"నేను చివరి గదికెళ్తున్నా. ఆ రెండూ మీరు చూడండి."

వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది. సూపర్‌వైజరు లేచి నిలబడ్డాడు. మేకుకి తగిలించిన తన మాస్కు వైపు చూశాడు, బల్ల మీది ఇటుక వైపు చూశాడు. గ్లాసులు మోగుతూనే ఉన్నాయి.