బెరడా, ఆకా

మా తోడికోడల్ని ల్యాబులో చేర్పించింది నేనే. కొరివితో తల గోక్కోవడమంటే ఇదేనని అప్పుడు తెలియలేదు. ఇంట్లో మా అత్తగారు "చిన్నదాని చేతి రుచే వేరు" అంటూ ఉంటే సరిపెట్టుకున్నాను. కూరల దగ్గర పోటీ నాకక్కర్లేదు. కానీ పరీక్ష గొట్టాల దగ్గర కూడా దాని చెయ్యే గొప్పదైతే నేనేమైపోవాలి?

మా పని మలేరియాకి మందు వెతకడం. నాటువైద్యులు జ్వరానికి వాడే ఆకులూ బెరళ్ళూ తెచ్చి సారం తీస్తాం. రక్తకణాల్లో పెంచిన మలేరియా క్రిమి మీద దాన్ని వేస్తాం. ఎన్ని క్రిములు మిగిలాయో యంత్రం చెబుతుంది. నేను తెచ్చిన బెరడు క్రిముల్ని ఊడ్చేసింది. ఆ రోజు నుంచే మా పెద్దసారు నన్ను చూసి ముందుగా నమస్కారం పెట్టడం మొదలుపెట్టారు.

ఇక ఎలుకల మీద పరీక్షే మిగిలింది. ఎలుకల గదిలో ఈ ఏడాది ఒక్క మందుకే చోటు. అది నా బెరడుకే అని నిశ్చింతగా ఉన్నాను. ఇంతలో మా చిన్నది ఓ ఆకు సారం పట్టుకొచ్చింది. అదీ ఊడ్చేసింది, నా బెరడులో సగం మోతాదుకే!

"అక్కా, అంతా నువ్వు నేర్పిందే!" అంటూ అందరి ముందూ నా చెయ్యి పట్టుకుని ఊపింది.

"గురువుని మించిన శిష్యురాలమ్మా," అన్నారు పెద్దసారు. అది కిలకిలా నవ్వింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడుపని ఊరికే అనలేదు. నాకు ఒళ్ళు భగ్గుమంది.

అందరూ టీకి వెళ్ళాక దాని గొట్టం తీసి వెలుతురులో చూశాను. అడుగున కణాలు, పైన తేరిన నీరు. ఆ నీరు ఎర్రగా ఉంది! రక్తకణాలు పగిలితే వచ్చే రంగది. అంటే ఆకు క్రిమిని చంపలేదు. కణాన్నే పగలగొడితే లోపలి క్రిమి దిక్కులేక చచ్చింది. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టినట్టు. అది మనిషికిస్తే జ్వరం కంటే ముందు మనిషే పోతాడు. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

"సార్, క్రిమి లేని శుభ్రమైన కణాల మీద వేసి చూడాలి. అవీ పగిలితే ఇది మందు కాదు, విషం," అన్నాను. చిన్నదాని మొహంలో నెత్తురుచుక్క లేదు.

"చూడాల్సిందే. మరి నీ బెరడు కూడా చూసెయ్యి, ఎవరికీ మాట ఉండదు," అన్నారాయన.

"నేనే చేస్తాను. ఇంకెవ్వరూ ముట్టుకోవద్దు," అన్నాను.

రెండు సారాలూ శుభ్రమైన కణాలతో కలిపి, కణాలు అడుక్కి దిగడానికి గొట్టాలు తిప్పే యంత్రంలో పెట్టాను. యంత్రం ఆగింది. ముందు ఆకుది తీశాను. పైనీరు ఎర్రగానే ఉంది. చిక్కావే అనుకున్నాను. పక్కన కణాలు కలపని ఒట్టి ఆకు సారం ఉంది. అదీ అంతే ఎర్రగా ఉంది. ఆ ఆకు రంగే అది! మైక్రోస్కోపు కింద పెడితే కణాలు గుండ్రంగా, నిక్షేపంగా ఉన్నాయి.

బెరడు గొట్టంలో పైనీరు ఒంపేశాను. అడుగున ఏమీ లేదు. మళ్ళీ చేశాను. మళ్ళీ ఏమీ లేదు. కణాలన్నీ పగిలి నీరయ్యాయి. బెరడు సారం కషాయంలా నల్లగా ఉంటుంది. ఆ నలుపులో ఎరుపు మాకెవరికీ ఏనాడూ కనిపించలేదు.

"అక్కా... నాది పోయిందా?" చిన్నది తలుపు దగ్గర నిలబడి అడిగింది.

పోయిందనడానికి నోరు తెరిచాను. గొట్టాలు కడిగేస్తే అడిగేవాళ్ళు లేరు. కానీ నా చేత్తో చేసిన పరీక్ష అది. ఇక నాకు మిగిలింది ఆ చెయ్యే.

"నీది నిలబడింది. నాదే పోయింది."

అది ఎగిరి గంతేస్తుందనుకున్నాను. వేస్తే బాగుండేది, తిట్టుకుందును. అది అక్కడే కూలబడి, "ఎంత కష్టపడ్డావక్కా!" అంటూ భోరుమంది. ఆ ఏడుపుకి ల్యాబంతా పరుగెత్తుకొచ్చింది. ఒకరు మంచినీళ్ళిచ్చారు, ఒకరు వీపు నిమిరారు. "ఎంత మంచి మనసమ్మా నీది!" అన్నారు పెద్దసారు.

ఖాళీ గొట్టం పట్టుకుని నేను పక్కనే నిలబడి ఉన్నాను. పోయింది నాది. ఓదార్పు కూడా దానికే.