ఊరెళ్లే రాకెట్

టెన్నిస్ రాకెట్ పదకొండో అడ్డం తీగె దగ్గర హయాత్ బాషా నాలుక బయటికి వచ్చింది. నిలువు తీగెల మధ్య ఒకసారి పైనుంచి, ఒకసారి కిందనుంచి అల్లుకుపోయేటప్పుడు ఆ నాలుక కూడా వేళ్లతోపాటు పనిచేస్తుంది. దుబాయ్ సత్వాలోని ఆటసామాన్ల కొట్లో, బూట్ల పెట్టెల వెనక, మూడడుగుల మూల అతనిది. ఇరవై ఆరేళ్లుగా అదే స్టూలు. చూపుడువేలి మీద తీగె కోసిన గాట్లు ఎన్నంటే, పోయినసారి వీసా పనికి వెళ్తే వేలిముద్రల యంత్రం అతన్ని మనిషిగా ఒప్పుకోవడానికి అరగంట ఆలోచించింది.

అతను బిగించిన రాకెట్‌ను మీటితే షార్జాలో పడుకున్న పిల్లి లేచి కూర్చుంటుందని సత్వాలో చెప్పుకొంటారు. పిల్లి సంగతి తెలియదు గానీ, చెప్పుకొనేవాళ్లలో మొదటివాడు బాషాయే.

ఉదయగిరి పక్క పల్లెలో, మంచాలకు నవారు అల్లే ఇంట్లో పుట్టాడు. దుబాయ్ వచ్చినా అల్లికే దొరికింది. టెన్నిస్ మాత్రం ఒక్కరోజూ ఆడలేదు. మధ్యాహ్నం ఊరినుంచి భార్య దౌలత్‌బీ ఫోన్ చేసి, "తిన్నావా?" అంటుంది. "తిన్నా," అంటాడు. ఇద్దరికీ అంతటితో కడుపు నిండుతుంది.

అతనికొక పద్ధతి ఉంది. ఊరు విడిచి వెళ్లేవాడి రాకెట్‌కు తీగె బిగిస్తే కూలి తీసుకోడు. పైగా పాలు లేని సులైమానీ చాయ్ ఒకటి తాగించి పంపుతాడు. ఈరోజు తీగె బిగించే మెషిన్ మీద ఉన్నది బుష్రా రాకెట్. దుబాయ్‌లోనే కుసైస్‌లో ఒక బడి టెన్నిస్ కోర్టులు చూసుకునే సనావుల్లా కూతురు ఆమె. ఎనిమిదో ఏట ఈ స్టూలు పక్కన నిలబడి తీగెలు లెక్కపెట్టిన పిల్ల, ఇప్పుడు అమెరికాలో ఒక కాలేజీ తరఫున ఆడుతోంది. సెలవులు అయిపోయాయి. సాయంత్రం విమానం.

"ఆ అమ్మాయి ఫోటో మన బోర్డు కింద పడిందా, గిరాకీ పెరిగి మీ మూల నిలబడుద్దండి బాషా భాయ్," అన్నాడు గల్లా దగ్గర కూర్చునే మూర్తి. అమలాపురం మనిషి. "లేదా, కొట్టు నడిపే ముదీర్ గారు వచ్చే నెల అక్కడ బూట్లు పెట్టించేస్తారు. ఆయ్, మొన్నే కొలతలు తీశారు."

బాషా పన్నెండో తీగె లాగాడు.

మూడింటికి బుష్రా వచ్చింది. గుండె మీద కాలేజీ పేరు పెద్ద అక్షరాలతో ఉన్న టీషర్టు.

"చాచా, ఫోటో ఇప్పుడే తీసుకుందాం. విమానం ఎక్కితే కుదరదు."

"ఎక్కితే ఏమవుద్ది? ముఖం మారిపోద్దా?"

"నాది చదువుకునే వీసా. అక్కడి నేలమీద ఇట్లాంటి ప్రచారం పని పెట్టుకోవద్దని కాలేజీవాళ్లు చెప్పారు. ఇక్కడైతే చేసుకోవచ్చంట. కానీ ఏం చేశానో, దానికి నాకేమిచ్చారో కాలేజీకి రాసివ్వాలి. మా కాలేజీ ఉన్న రాష్ట్రం చట్టం అది. పక్క రాష్ట్రానికి పోతే ఇంకో చట్టం."

"ఒక్క ముఖానికి అన్ని చట్టాలా! నా ముఖాన్ని ఇరవై ఆరేళ్లలో ఎవరూ అడగలేదే."

"ఈ టీషర్టు కూడా కనబడకూడదు చాచా. కాలేజీ గుర్తుంది. మర్చిపోయి వేసుకొచ్చా, పెట్టె కట్టేశారు."

బాషా లేచి, తన నీలం ఏప్రన్ విప్పి ఇచ్చాడు. మెషిన్ ఆయిల్ వాసన. అది ఆమెకు మోకాళ్ల దాకా వచ్చింది. బుష్రా ఫోన్ తెరిచి కాలేజీవాళ్ల ఫారం నింపసాగింది.

"బదులుగా ఏమిచ్చారు, అని అడుగుతున్నారు."

"ఏమీ లేదని కొట్టేయమ్మా," అన్నాడు మూర్తి.

చివరి ముడి మీద బాషా చెయ్యి ఆగింది. "ఏమీ లేదంటే ఎట్టా? ఊరెళ్లే రాకెట్‌కు నేను కూలి తీసుకోను గదా. అది ఇచ్చినట్టే గదా?"

"అయితే కూలి తీసుకో చాచా."

"తీసుకోను." ముడి బిగించాడు. "అది రాస్తే నీ ఆట పోద్దా బేటీ? పోయేట్టయితే ఫోటో వద్దు. ఈ మూలలో బూట్లే పెట్టుకోనీ."

"దాస్తే పోతుంది. చెబితే పోదు."

"అంతేనా? అయితే చాయ్ కూడా రాయి."

బుష్రా నవ్వి రాసింది: ఒక రాకెట్‌కు తీగె బిగింపు, ఒక సులైమానీ. తర్వాత బోర్డు కింద ఇద్దరూ నిలబడ్డారు. మూర్తి నాలుగు ఫోటోలు తీశాడు. మూడింట్లో బాషా నాలుక బయటే ఉంది. నాలుగోది ముదీర్‌కు వెళ్లింది. కాసేపటికి జవాబు వచ్చింది.

"ఖలాస్, బాషా మూల జోలికి పోవద్దంట!" అని అరిచాడు మూర్తి.

బాషా రాకెట్‌ను చెవి దగ్గర మీటి చూసి, సంచిలో పెట్టి ఇచ్చాడు. బయట సనావుల్లా హారన్ కొట్టాడు. బుష్రా ఏప్రన్ విప్పి స్టూలు మీద పెట్టింది. బాషా తెప్పించిన చాయ్ గబగబా రెండు గుక్కలు తాగింది.

"వస్తా చాచా."

"గెలిస్తే నా పేరు చెప్పు. ఓడితే కొట్టు పేరు చెప్పు."

తలుపు మూసుకుంది. కారు మలుపు తిరిగేదాకా చూసి, బాషా మళ్లీ స్టూలెక్కాడు. ఇంకెవరిదో పాత రాకెట్ తీసుకున్నాడు. తన చాయ్ అమెరికా కాగితమెక్కిందని చీకటి పడేలోపు సత్వా అంతా చెప్పాడు. ఆ మాట కుసైస్ చేరేసరికి, చక్కెర ఎన్ని చెంచాలో అడగడానికి ఆ రాష్ట్రం గవర్నరే ఫోన్ చేశాడని తేలింది.

మెషిన్ పక్కన బుష్రా వదిలిన గ్లాసును మూర్తి కడగబోతే బాషా వద్దన్నాడు. అందులో సులైమానీ సగం అలాగే ఉంది, అడుగున ఒక పుదీనా ఆకుతో.