జత కుదరని మెమరీ

వేర్వేరు వేగాలున్న రెండు మెమరీ కార్డులను, అంటే ర్యామ్‌లను, ఒకే ల్యాప్‌టాప్‌లో పెట్టడం తప్పేనా అని వదినగారికి నాలుగేళ్లుగా అనుమానం. ఆవిడ అన్నయ్య కొనిచ్చిన ల్యాప్‌టాప్‌లో, పాత కార్డు పక్కన కాస్త వేగం ఎక్కువున్న కొత్తది పెట్టింది మరిది. ల్యాప్‌టాప్ ఆగిపోయినప్పుడల్లా, "జత చూడకుండా ముడిపెట్టాడు" అని ఆవిడ నలుగురిలో అతన్ని దెప్పేది.

ఇవాళ తన బడిపిల్లల ప్రశ్నపత్రం టైపు చేస్తుంటే మళ్లీ మొరాయించింది. షాపుకి తీసుకెళితే మెకానిక్ మూత తీసి పెదవి విరిచాడు.

"రెండూ కలవవమ్మా. కొత్త జత కొనాల్సిందే. ఏ బుద్ధిలేనివాడు పెట్టాడు?"

మరిదిని పరాయివాడు అనేసరికి ఆవిడకి ఒళ్లు మండింది. "ఒక్కోటీ విడిగా పెట్టి చూపించు."

గొణుగుతూనే పెట్టాడు. మరిది కార్డుతో చక్కగా నడిచింది. పాతదానితో ఆగిపోయింది.

"మరి కలవవన్నావు?"

"కలుస్తాయిలెండి. రెండూ నిదానంగా ఉన్నదాని వేగంతో నడుస్తాయి, అంతే."

"ఆ మాట ముందే చెబితే నోటి ముత్యాలు రాలిపోతాయా?"

వాడిమీద కోపం తనమీదికే తిరిగింది. తప్పులు కాయమని రోజూ దేవుణ్ని వేడుకునే తాను, ఈ తప్పు ఎవరిదో ఒక్కసారైనా చూసిందా?

షాపు మెట్లమీదే నిలబడి ఫోన్ చేసింది. "బాబూ, నీ కార్డు బంగారం. చెడింది మా అన్నయ్య కొన్న ల్యాప్‌టాప్‌తో వచ్చిన పాత కార్డే. నిన్ను అన్యాయంగా అన్నాను."

"నలుగురిలో అన్నావుగా వదినా," మరిది నవ్వాడు.

ఆవిడ ఫోన్ పెట్టేసి, ఇంటిల్లిపాదీ ఉన్న వాట్సాప్ గ్రూపులో అదే మాట తన గొంతుతో పంపింది.