అట్టముక్క మీద ఒక్క చుక్క

ఆ ఇంట్లో ఎల్మా భయపడని వస్తువు లేదు. పొయ్యి ఆపానో లేదో అని వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చేది. చలికాలమంతా పైకప్పు మీది మంచు ఇంటిని కూల్చేస్తుందనీ, మంచు కరిగాక ఆ నీళ్ళు నేలమాళిగ ముంచేస్తాయనీ ఆమెకు దిగులు. అన్నిటికంటే ఎక్కువ భయం గ్యారేజీలో గుడ్డ కప్పుకుని నిలబడ్డ మోటారు సైకిలంటే. భర్త రీనో ఊపిరితిత్తుల జబ్బుతో మంచం మీదే పోయాడు. అయినా ఆ బండి కనబడ్డప్పుడల్లా అతన్ని అదే పొట్టన పెట్టుకుందన్నట్టు చూసేది.

ఇప్పుడు కూతురు కైసా ఆ బండే తోలుతానంటోంది.

మే నెల వచ్చినా గ్యారేజీ వెనక నీడలో మంచు కుప్ప ఇంకా పూర్తిగా కరగలేదు. ఆదివారం చర్చి ముందు బళ్ళ దీవెన. ఊళ్ళో మోటారు సైకిళ్ళున్న వాళ్ళంతా వరసగా నిలబడితే పాస్టరుగారు ఒక్కో బండినీ దీవిస్తారు. తర్వాత అందరూ ఒకే బారుగా పెద్ద సరస్సు ఒడ్డుదాకా వెళ్ళి వస్తారు. బారుకి ముందు నడిచేది రీనో తమ్ముడు వేన్. అతని వెనకే, ఎడమ పక్కన, రీనో చోటు.

శనివారం పొద్దున్నే వేన్ వచ్చి, వంటింట్లో కూర్చుని, యాలకుల రొట్టె కాఫీలో ముంచుకు తింటూ అసలు సంగతి ఎత్తాడు.

"పోయినేడు అన్నయ్య చోటు ఖాళీగా వదిలేశాం వదినా. ఎంతకాలమని వదిలేస్తాం? ఈసారి మా అబ్బాయి వస్తాడు అక్కడికి."

"ఆ చోటు నాది బాబాయ్," అంది కైసా.

"నీకే కావాలంటే బండి నా రిపేరు కొట్టుకి పంపు. శీతాకాలమంతా పడున్న ఆయిలు. మా కుర్రాళ్ళు మార్చి పెడతారు."

"నేనే మార్చుకుంటా. నాన్న ఏనాడైనా నీ కొట్టుకి పంపాడా?"

"మీ నాన్న చేతులు వేరు. ఆడపిల్ల ఇంట్లో కూర్చుని విప్పిన ఇంజన్ని వెనకాల పెట్టుకుని నేను ముందు నడవలేనమ్మా. దాని ఆయిలు టైరు కిందకి కారితే నువ్వొక్కదానివే పడతావా? నీ వెనకున్న వాళ్ళందరూ పడతారు."

ఎల్మా కప్పు కింద పెట్టేసింది. ఆమె కళ్ళకి అప్పుడే అందరూ పడిపోయారు.

వేన్ లేచి టోపీ పెట్టుకున్నాడు. "సరే, పంతమంటున్నావు గనక చెబుతున్నా. మార్చుకో. మార్చాక కింద కొత్త అట్ట పరిచి ఉంచు. రేపు పొద్దున వచ్చి చూస్తా. దాని మీద ఒక్క చుక్క కనబడిందా, బండికి గుడ్డ కప్పేసి మీ అమ్మతో కారులో రా."

"పొడిగా ఉంటే?"

"ఉంటే నీ చోటు నీదే. ఉండదులే."

ఆ ఊళ్ళో ఎవరింట్లో ఆయిలు మార్చినా రాత్రంతా బండి కింద అట్ట పెట్టడం అలవాటే. పొద్దున అట్ట పొడిగా ఉంటేనే బండి గడప దాటేది. రీనో కూడా ఏటా అదే చేసేవాడు. వేన్ కొత్తగా పెట్టిన పరీక్షేం కాదది. కైసా తలుపు ధడాలున వేసుకుని గ్యారేజీలోకి పోయింది. ఎల్మా మాత్రం లోలోపల తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. ఒక్క చుక్క కారితే చాలు, పిల్ల ఇంట్లో ఉంటుంది.

మధ్యాహ్నం గ్యారేజీలో కుర్చీ వేసుకుని, ఒళ్ళో వంటసోడా డబ్బా పెట్టుకుని కూర్చుంది.

"అదెందుకమ్మా?"

"నూనె అంటుకుంటే నీళ్ళు పోయకూడదు. సోడా చల్లాలి."

"నేనేమైనా డోనట్లు వేయిస్తున్నానా?"

"నవ్వు. ఆ స్టాండు గట్టిగా ఉందా? జారితే నీ కాలు పచ్చడవుతుంది."

"జారితే ఎత్తడానికి నువ్వున్నావుగా!"

కైసా కాసేపు ఇంజను నడిపి ఆయిలు వేడెక్కాక ఆపింది. కింద పళ్ళెం పెట్టి, పానాతో బోల్టు వదులు చేసింది. నల్లటి ఆయిలు తాడులా జారి పళ్ళెంలో పడింది. "మొహం ఇవతలికి తియ్యవే, కళ్ళలో పడుతుంది," అని ఎల్మా కుర్చీలోనే ముందుకి జరిగింది. ఆయిలు సన్నబడి, చుక్కలై, ఆగిపోయింది. కైసా కొత్త వాషరు వేసి బోల్టు బిగించింది.

ఫిల్టరు మాత్రం మొండికేసింది. పట్టీ వేసి, పళ్ళు బిగబట్టి తిప్పితే ఒక్కసారిగా ఊడి, మోచేతిదాకా ఆయిలు కార్చింది. కైసా దాన్ని తల్లికి అందించి, చేయి తుడుచుకుని, కొత్త ఫిల్టరు రబ్బరు రింగుకి వేలితో ఆయిలు రాసి ఎక్కించింది.

"చేత్తో బిగించి, ఆపైన ఇంకొంచెం. అంతే. పానాతో బిగిస్తే వచ్చేసారి ఊడదు. నాన్న చెప్పేవాడు."

ఎల్మా పాత ఫిల్టర్ని ఖాళీ కాఫీ డబ్బాలోకి ఒంపింది. ఏటా బీన్సూ, బీట్రూటూ సీసాల్లో నిలవ చేసే మనిషి. మూత చేతిలోకి వస్తే చాలు, వేలు దానంతట అదే అంచు చుట్టూ తిరుగుతుంది. రబ్బరు సరిగా లేని మూత లోపలిదాన్ని విషం చేసి ఇంటిల్లిపాదినీ చంపుతుందని ఆమె నమ్మకం. ఆ అలవాటు కొద్దీ ఫిల్టరు అంచు చుట్టూ వేలు తిప్పింది.

రబ్బరు లేదు. గాడి ఖాళీగా ఉంది.

ఆమె కళ్ళు గ్యారేజీ గోడ మీదికి వెళ్ళాయి. అక్కడ నల్లటి పాత మరక. పెళ్ళైన కొత్తలో రీనో చేసిన ఘనకార్యమది. పాత ఫిల్టరు రబ్బరు ఊడకుండా ఇంజనుకే అంటుకుని ఉండిపోతే, చూసుకోకుండా దాని మీదే కొత్తది బిగించాడు. ఇంజను మొదలుపెట్టగానే ఆయిలు పిచికారీలా గోడంతా చిమ్మింది. సబ్బూ, బ్రష్షూ పట్టుకుని తోమింది తనే. ఎవరితోనూ అనవద్దని రీనో ఒట్టు వేయించుకున్నాడు.

కైసా కొత్త ఆయిలు సీసా మూత తిప్పుతోంది.

తను నోరు విప్పకపోతే చాలు. ఇంజను నడపగానే ఆయిలు చిమ్మి, ఏ అట్ట పరిచినా నల్లబడుతుంది. వేన్ వచ్చి తల ఊపుతాడు. పిల్ల రెండు రోజులు ఏడుస్తుంది. కాళ్ళూ చేతులూ మాత్రం దక్కుతాయి. ఇది తను చెడగొట్టింది కాదు, ఊరికే కూర్చుంది, అంతే.

ఉండదులే. కాఫీ కప్పు పక్కన వేన్ వదిలిపోయిన ఆ మాట చెవిలో వినబడింది. పొద్దున ఆ మాట విని తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది తనే. ఇప్పుడు తను ఊరుకుంటే, అతని పని అతనికంటే చక్కగా చేసిపెట్టినట్టవుతుంది.

"ఆగవే," అంది. "పొయ్యకు. ఆ కొత్తది విప్పు."

"ఏమైందమ్మా మళ్ళీ?"

"విప్పమన్నానా! దీని రబ్బరు దీనికి లేదు."

కైసా ఫిల్టరు విప్పి వేలు పెట్టి తడిమింది. ఇంజనుకి అంటుకుని, నలిగి, నల్లటి దారప్పోగులా పాత రింగు ఊడి వచ్చింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని నేల మీదే చతికిలబడింది.

"బాబాయి అన్నది నిజమే. నాకు చేతకాదు."

"మీ నాన్నకీ చేతకాలేదు మొదటిసారి. ఆ గోడ మీద మరక ఏమిటనుకున్నావు?"

"పెయింటన్నాడే!"

"పెయింటంట! నాలుగు రోజులు తోమాను నేను. తన తమ్ముడికి తెలిస్తే పరువు పోతుందని నా చేత ఒట్టు వేయించుకున్నాడు మహానుభావుడు. ఆ ఒట్టు ఇవాళ్టితో సరి. లే, అంచు శుభ్రంగా తుడిచి మళ్ళీ బిగించు. ఈసారి నేనూ వేలు పెట్టి చూస్తా."

చూసింది. ఒకసారి కాదు, కైసా విసుక్కునేదాకా. ఆయిలు పోసి, ఇంజను కాసేపు నడిపి, ఆపి, మట్టం చూసి, కొత్త అట్ట పరిచారు. ఆ రాత్రి ఎల్మాకి కునుకు లేదు.

ఆదివారం వేన్ తోలు కోటు తొడుక్కుని వచ్చాడు. గ్యారేజీ గుమ్మంలోనే నిలబడి తొంగి చూశాడు.

"వంగి చూడు," అంది ఎల్మా.

"కనబడుతోందిలే వదినా."

"వంగి, బయటికి లాగి, వేళ్ళతో తడిమి చూడు. చుక్క అన్నావుగా."

వేన్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అట్ట లాగి తిప్పి చూశాడు. వేళ్ళు ఒకదానితో ఒకటి రుద్దుకున్నాడు.

"ఇప్పటికి పొడిగానే ఉంది. దారిలో కారితే? కొండ దిగేటప్పుడు..."

"కొండ దిగేటప్పుడు ఏమవుతుందో నువ్వు నాకు చెబుతావా? రాత్రంతా కళ్ళు మూసుకుని అదే చూశాను. ఎక్కడ జారుతుందో, ఏ చెట్టుకి కొట్టుకుంటుందో, ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారో అంతా చూశాను. నాకంటే ఎక్కువ భయపడే మొనగాడు ఈ ఊళ్ళో లేడు వేన్. నేనే పంపిస్తున్నాను. నువ్వెవరు ఆపడానికి?"

"అది కాదు వదినా, మావాడితో చెప్పేశాను..."

"చెప్పిన నోటితోనే లేదని చెప్పు. ముందు నడుస్తావుగా, నడు. వెనక ఎడమ పక్కన మా పిల్ల ఉంటుంది. అద్దంలో చూసుకుంటూ పో."

వేన్ అట్ట కింద పెట్టేసి, తన బండెక్కాడు.

ఎల్మా కూతురి హెల్మెట్ పట్టీ లాగి చూసింది, మళ్ళీ లాగింది. "చర్చికి చేరగానే ఫోను చెయ్యి."

"మన కిటికీలోంచి చర్చి కనబడుతుందమ్మా!"

"కనబడితే ఏం? చెయ్యి."

కైసా నవ్వుతూ బండి కదిలించింది. ఆ చప్పుడు మలుపు తిరిగేదాకా ఎల్మా అక్కడే నిలబడింది. తర్వాత సుత్తీ, మేకులూ తెచ్చింది. పొడి అట్టని గ్యారేజీ తలుపుకి, రోడ్డు వైపు, వేన్ కొట్టుకి పోతూ వస్తూ చూడక తప్పనంత ఎత్తున ఆనించి పట్టుకుంది. మొదటి మేకు వంకరపోయింది. రెండోది దిగింది. వంటింట్లోంచి కాఫీ పొంగి మాడుతున్న వాసన వచ్చింది. నాలుగు మూలలా మేకులు దిగేదాకా ఎల్మా లోపలికి వెళ్ళలేదు.