తూర్పు పడమరైన ఏడు లంకలు

పెళ్ళిపత్రిక ప్రూఫును తిరుపతిరావు చివరి మాట నుంచి మొదటి మాటకు చదువుకుంటూ వస్తున్నాడు. అలా చదివితే అర్థం కళ్ళకు అడ్డం పడదనీ, తప్పు తప్పించుకుపోలేదనీ అతని నమ్మకం. ‘బంధుమిత్రుల అభినందనలతో’ దగ్గర మొదలుపెట్టి పైకి పాకుతూ, నిక్షేపంలా తిరుగుతున్న పెళ్ళికూతురి తాతగారికి ‘కీర్తిశేషులు’ తగిలించిన చోట ఆగాడు. ఎర్రకలంతో కొట్టేశాడు. ముప్పై నాలుగేళ్ళలో ఇలా ఎంతమంది పెద్దమనుషులకు ప్రాణం పోశాడో దేవుడికెరుక, ఒక్కరూ వచ్చి దండం పెట్టిన పాపాన పోలేదు.

బక్కపలచని మనిషి. సీసం అక్షరాలు ఏరి ఏరి కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ కొసలు నున్నగా అరిగిపోయాయి. సీసం పోయి కంప్యూటరు వచ్చాక యజమాని అతన్ని ప్రూఫుల బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. రెండు మెట్లెక్కితే చాలు, ఛాతీలో పిల్లికూతలు. డాక్టరు ముందు ఊపిరితిత్తులన్నాడు, తరవాత గుండె అన్నాడు, ఆఖరికి వయసన్నాడు. భార్య కనకలక్ష్మి మాత్రం అంతా ఆ ప్రెస్సు చలవేనని ఒక్కమాటలో తేల్చేసింది.

ఆ ఆదివారం ఒంటిపూట పని. గోడ గడియారం ఒంటిగంట కొట్టగానే కలానికి మూత పెట్టి, గుడ్డసంచీ తీసుకుని పటమట బస్సెక్కాడు. సంచీలో అతని జీవితంలో సగం ఉంది. అంత మాట ఎందుకంటే, చెప్పాలి మరి.

ఎనభై ఏడులో అదే ప్రెస్సులో మిషను తిప్పే మరియదాసుకు, ఓడలో పనిచేసే బావమరిది ఒక అట్టపెట్టె తెచ్చి ఇచ్చాడు. అందులో ఇంగ్లీషువాళ్ళ ఆట. పందెం లేదు, గెలుపూ ఓటమీ లేవు. ఒకడు కథ చెబుతాడు, మిగతావాళ్ళు తలా ఒక వేషం కట్టి, నేను తలుపు తోస్తానని ఒకడూ, నేను పారిపోతానని ఒకడూ అంటూ ఆ కథలో తిరుగుతారు. అనుకున్నది జరిగిందో లేదో పాచికలు చెబుతాయి. మిత్రులిద్దరికీ సగం అర్థమైంది. అర్థం కాని సగాన్ని మరియదాసు కల్పించాడు. కోటలూ మంచుకొండలూ పీకేసి, కృష్ణ పాయల మధ్య ఏడు లంకలు పెట్టాడు. పాచికల బదులు ఆరు గవ్వలు పెట్టాడు. మూడింటికి మించి వెల్లకిలా పడితే పని జరిగినట్టు.

పటం చెక్కే పని తిరుపతిరావుది. అచ్చుదిమ్మె కోసం లినోలియం ముక్క మీద రాత్రింబగళ్ళు కూర్చుని చెక్కాడు. అచ్చుకు ఏదైనా తిరగేసి చెక్కాలని ప్రెస్సులో పిల్లికి కూడా తెలుసు. బతుకంతా అక్షరాన్ని తిరగేసి చూసిన మనిషి, ఆ ఒక్కటీ సూటిగా చెక్కాడు! రెండు వందల కాగితాలు అచ్చు వేశాక చూసుకుంటే ఏముంది, సముద్రం పడమటికి వచ్చింది, కొండ తూర్పుకు పోయింది. ప్రెస్సంతా పడీపడీ నవ్వింది. మీ ఇంట్లో పొద్దు ఎటు పొడుస్తుందని ఏడాది పాటు అడిగారు. మరియదాసు మాత్రం పటాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది కృష్ణ కాదులే బావా, కృష్ణలో కనపడే కృష్ణ అని, కథంతా కొత్తగా రాశాడు. ఆ నీళ్ళకింది దేశంలో చేపలు మనుషులకు వలలేస్తాయి. మునిగిపోయిన పడవలకు అక్కడ రేవులున్నాయి.

నాలుగేళ్ళు ప్రతి ఆదివారమూ ఆడారు. ఆటను పటంతో సహా పుస్తకంగా వేస్తే, పుస్తకాల పండగలో నలభై ప్రతులు అమ్ముడయ్యాయి, మిగతావి ఎలుకలు చదివాయి. తొంభై ఒకటిలో మరియదాసు కామెర్లతో పోయాడు. ఆట అటకెక్కింది.

మూడు నెలల కిందట సుధామణి అనే అమ్మాయి ప్రెస్సుకు వచ్చింది. కంప్యూటరు సెంటర్లో పాఠాలు చెబుతుంది. ఏలూరు రోడ్డు పాత పుస్తకాల్లో ఆ ఆట దొరికిందట, వెనక ఉన్న చిరునామా పట్టుకుని వచ్చింది. మా స్నేహితులం ఆడతాం, మాకు తగ్గట్టు చేసివ్వండి అంది. అప్పటినుంచీ తిరుపతిరావు రోజూ పని అయ్యాక కూర్చుని, ఆరు గంటల ఆటను రెండు గంటలకు కుదించాడు, స్టీమర్లు తీసేసి లాంచీలు పెట్టాడు. పనిలో పనిగా కంప్యూటరు మీద ఒక్క నొక్కుతో పటాన్ని తిప్పించి, పద్దెనిమిదేళ్ళ సిగ్గు కడిగేసుకున్నాడు. ఆ ఆట ఆడించడం తెలిసినవాడు భూమ్మీద ఇక తనొక్కడే. ఇవాళ సుధామణి వాళ్ళకు పట్టకపోతే అది తనతోపాటే పోతుంది. బస్సు దిగేసరికి చెమటలు పట్టడానికి ఎండ ఒక్కటే కారణం కాదు.

సుధామణి వాళ్ళ మేడ మెట్లు నాలుగుసార్లు ఆగి ఎక్కాడు. గదిలో ఆమెతోపాటు ఇద్దరున్నారు. దుర్గ చేపల వ్యాపారస్తుల ఇంటి పిల్ల. హేమసుందర్ బ్యాంకులో గుమస్తా. తిరుపతిరావు పటం పరిచి, గొంతు సవరించుకుని కథ ఎత్తుకున్నాడు. దుర్గ పటం మీదికి వంగి చూసింది.

"ఇది నాగాయలంక రేవు కదండీ. మా చిన్నాన్న పడవ ఇక్కడే కడతారు. ఇందులో భయపడేదానికి ఏముందండీ?"

ఏమీ లేదు. పాపం, ఎంత చెప్పినా లేదు. చీకటి పాయ అంటే అక్కడ వంతెన కట్టారుగా అంటుంది. హేమసుందర్ సెల్‌ఫోన్ చూసుకుంటున్నాడు. అరగంటకు తిరుపతిరావు నోరు ఎండిపోయింది. తప్పు ఎక్కడుందో పట్టడం అతని వృత్తి, అయినా దొరకలేదు.

"పాత పటం ఏమైందండీ?" అంది సుధామణి.

"అది తప్పమ్మా. నేనే తిరగెయ్యకుండా చెక్కాను. ఇన్నాళ్ళకు దిద్దుకున్నాను."

"ఆ తప్పు చూసే కదండీ నేను మిమ్మల్ని వెతుక్కుంటా వచ్చింది."

ఆమె బీరువాలోంచి తన ప్రతి తెచ్చి, అంచులు చెదలు తిన్న ఆ కాగితాన్ని కొత్తదాని మీద పరిచింది. దుర్గ నాగాయలంక కోసం వేలు పెట్టి వెతికింది. వేలు కొండకు తగిలింది. తల అటు వంచింది, ఇటు వంచింది. పుట్టి పెరిగిన ఏటిలో మొదటిసారి దారి తప్పింది.

"మరి ఇంటికి ఎటు పోవాలండీ?" అంది, కాస్త చిన్న గొంతుతో.

తిరుపతిరావు పాత పటం ముందుకు జరిగి కథ మళ్ళీ ఎత్తుకున్నాడు. సరిగ్గా అక్కణ్ణుంచే మరియదాసు కథ మొదలుపెట్టేవాడు. హేమసుందర్ ఫోను జేబులో పడేశాడు. చేపలు వలలు విసిరాయి, మునిగిన పడవలు గంటలు మోగించాయి, గవ్వలు గలగలలాడాయి. గంట గడిచేసరికి తిరుపతిరావు ఛాతీలో పిల్లులు కూశాయి, మాట ఆగిపోయింది.

సుధామణి మంచినీళ్ళిచ్చి, కథ ఆగిన చోటే అందుకుంది. తాడిని తన్నేవాడి తల తన్నేవాళ్ళుంటారు. ఆ పిల్ల మరియదాసు రాయనివి కూడా చెబుతోంది, అన్నీ ఆ పటంలోంచి వచ్చినట్టే ఉన్నాయి. మధ్యలో ఒక తెల్లచీటీ అతని ముందుకు తోసింది.

"మీరూ ఆడండి సార్."

ఆడేవాళ్ళందరికీ ఒక్కొక్క చీటీ ఉంటుంది. పైన వేషం పేరు, కింద పన్నెండు గీతలు. గీతకొక ప్రాణం, దెబ్బ తగిలితే ఒకటి కొట్టేయాలి. ఆ నాలుగేళ్ళూ అందరి చీటీలూ రాసిందీ, లెక్క తప్పినవాళ్ళను పట్టుకుందీ తిరుపతిరావే. తనకంటూ ఒక్క చీటీ రాసుకోలేదు. కలం పట్టుకుని కొత్త పెళ్ళికొడుకులా సిగ్గుపడి, ‘తిరుపతి, పడవవాడు’ అని రాశాడు.

దుర్గ చేపల వలలో పడింది. పడవవాడు దూకాడు. గవ్వలు విసిరితే ఆరుకు ఆరూ వెల్లకిలా పడ్డాయి. హేమసుందర్ బల్ల చరిచాడు. వల తెంపేటప్పుడు తెడ్డు తగిలి తిరుపతిరావుకు ఒక ప్రాణం పోయింది, దాన్ని ఎంతో గర్వంగా తనే కొట్టేసుకున్నాడు. అందరూ లంక చేరేసరికి వీధిలైట్లు వెలిగాయి. వచ్చేవారం చెల్లెల్ని తెస్తానని దుర్గ, బ్యాంకులో నలుగురున్నారని హేమసుందర్. నవ్విన నాపచేనే పండింది. ఆ రాత్రి కనకలక్ష్మికి కథంతా చెప్పేసరికి కంచంలో అన్నం చల్లారిపోయింది. ఆమె విసుక్కోకుండా, ఇంతకీ ఆ పిల్ల ఇల్లు చేరిందా లేదా అని అడిగింది. అతనికి పట్టరాని సంతోషం కలిగింది.

గురువారం మధ్యాహ్నం తిరుపతిరావు ప్రూఫుల బల్ల మీద తల వాల్చాడు. కునుకు తీస్తున్నాడనుకుని ఎవరూ లేపలేదు.

ఉగాదికి పటమటలో మూడు జట్లు ఆడుతున్నాయి. కొత్త పుస్తకం వచ్చింది, సముద్రం పడమటే ఉంది. దిద్దుతానన్న కంప్యూటరు కుర్రాడితో సుధామణి తగువేసుకుని మరీ అలాగే వేయించింది. ఆట మానేసినవాళ్ళ చీటీలు చించేయడం వాళ్ళకు అలవాటు. ఒక చీటీ మాత్రం గవ్వల పెట్టెలో అడుగున ఉంటుంది. ముత్యాల్లాంటి చేతిరాత, కింద పన్నెండు గీతలు. ఒకటి కొట్టేసి ఉంది, పదకొండు అలాగే ఉన్నాయి.