అమ్మ మునగని నీళ్ళు

నాలుగో గౌను అంచు మడిచి, ఆ మడతలో జానెడుకొక సీసపు బిళ్ళ పెట్టి కుడుతోంది ఆమె. బాప్తిస్మం గౌనుకు అడుగున బరువు లేకపోతే నీళ్ళలో దిగగానే గొడుగులా పైకి తేలుతుంది. అప్పుడు మునిగేవాళ్ళకు దేవుడికన్నా ముందు సిగ్గు గుర్తొస్తుంది. ఇరవై ఆరేళ్ళుగా ఆమెకు ఇదే పని. వీధిలో అందరూ గౌన్లక్క అంటారు.

ఏ సంఘం బోధ ఏమిటో ఆమెకు కొలతల్లోనే తెలుసు. పొడుగు చేతులవాళ్ళు శనివారమే పరిశుద్ధమంటారు. మెడ మూసినవాళ్ళు ఒక్క యేసు నామంలో మునిగితేనే లెక్క అంటారు. నడుంపట్టీ వాళ్ళయితే, పరిశుద్ధాత్మ ఆవేశించి అన్యభాషల్లో మాట్లాడనివాడు మునిగినా తడిసినట్టే తప్ప రక్షణ లేదంటారు. కొలతలిస్తూ ఒకరి మీద ఒకరు చెప్పుకునేవన్నీ వింటూ గౌన్లక్క గుండుసూదులు పెదవుల మధ్య పెట్టుకుని ఊఁ కొట్టేది. నోట్లో సూదులుంటే వాదించక్కర్లేదు. అదో సుఖం.

ఆ మాటలన్నీ పక్కగదిలో మంచం మీదున్న తల్లి చెవినా పడుతున్నాయని మాత్రం ఆమెకు తట్టలేదు.

తల్లి కాన్పుల ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు ఆయాగా చేసింది. పసితనంలో నుదుట నాలుగు చుక్కలు చిలకరించిన బాప్తిస్మమే ఆవిడది. ఎనభై ఏళ్ళు దాన్నే నమ్ముకుని నిబ్బరంగా బతికింది. ఊపిరితిత్తులు చెడి మంచమెక్కాక, నిలువునా మునగనిది చెల్లదేమోనని భయం పట్టుకుంది. ఈ పొద్దున గౌన్లక్క పాలు తీసుకుని వచ్చేసరికి, ఆవిడ బట్టలు నానబెట్టే తొట్టిలో చన్నీళ్ళలో ముడుచుకుని కూర్చుని ఉంది. పెదవులు నల్లబడ్డాయి.

"తల మునగట్లేదే," అంది. "తల ముంచితే మోకాళ్ళు తేలుతున్నాయి. కాస్త నొక్కవే."

నొక్కలేదు. ఎత్తుకొచ్చి తుడిచి రెండు దుప్పట్లు కప్పింది. డాక్టరు వచ్చి చూసి, ఇక కదపొద్దని, సాయంత్రం దాకా కష్టమని గుమ్మంలో నెమ్మదిగా చెప్పి వెళ్ళాడు.

మధ్యాహ్నం నడుంపట్టీ సంఘం పాస్టరమ్మ గౌన్ల కోసం వచ్చింది. సంగతి విని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మనిషి మంచిదే, కాదనడానికి లేదు.

"మామ్మగారిని కుర్చీలో మోసుకుపోదాం అక్కా. వేడినీళ్ళు పోయిస్తాను. ఏ గ్యారంటీ లేకుండా ఎలా పంపుతావు?"

"ఆవిడేమన్నా మిక్సీనా, గ్యారంటీకి? గౌన్లు తీసుకెళ్ళమ్మా. మా అమ్మ జోలికి మాత్రం రాకు."

అనైతే అంది గానీ, తలుపు వేశాక గడియ పెట్టబోయి ఆగింది. వాళ్ళ మాటే నిజమైతే?

తల్లి దుప్పటి అంచు నలుపుతోంది. "ఒకరు ఇటంటారు, ఒకరు అటంటారు. ఏది తప్పినా, నిన్నెరగను పొమ్మంటాడేమోనే ఆయన."

గౌన్లక్క ఆ దుప్పటి సర్ది మంచం అంచున కూలబడింది.

"ఎంతమంది పిల్లల్ని పట్టావమ్మా నువ్వు?"

"ఎవరు లెక్కపెట్టారు."

"అందరూ సరిగ్గానే వచ్చారా?"

"ఎక్కడే. కాళ్ళతో వచ్చినవాళ్ళు, మెడకు పేగు చుట్టుకుని వచ్చినవాళ్ళు. నువ్వయితే పిర్రలతో వచ్చావు, మొండిఘటం."

"సరిగ్గా రాలేదని ఎవర్నన్నా జారవిడిచావా?"

"నోరు ముయ్యవే. ఎలా రావాలో బిడ్డకేం తెలుసు? పట్టుకోవడం మన పని గానీ..."

ఆ మాట దగ్గరే ఆగిపోయింది ఆవిడ. దుప్పటి నలిపే చెయ్యి ఆగింది.

"ఓసి నీ," అంది చివరికి. "ఈ ముక్క తొట్టిలో దిగకముందు చెప్పొద్దూ."

గౌన్లక్కకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"ఆ చేతికుట్టు సూదులు ఇలా తే, దారం ఎక్కిస్తాను," అంది తల్లి. " శుక్లాలు తీయించుకున్నాక నీకన్నా నాకే బాగా కనబడుతోంది."

"పక్కనుంటానమ్మా."

"వద్దు, పని చూసుకో. మిషను చప్పుడు వింటుంటే నాకు హాయిగా ఉంటుంది."

గౌన్లక్క తలుపు తెరిచే ఉంచి, కొత్త గౌనుకు పొడుగు చేతులు అతికించింది. రెండో చెయ్యి పూర్తిచేసి మిషను ఆపితే, పక్కగదిలో పొద్దుటి నుంచీ వినపడుతున్న ఆయాసం లేదు.

వెళ్ళి చూసింది. ఆ ముఖంలో భయం లేదు. రేపు గౌన్లక్కకే భయం పుడితే ఇలా జవాబు చెప్పేవాళ్ళు ఇక ఇంట్లో ఎవరూ లేరు.

దిండు మీద దారం ఎక్కించిన సూదులు ఐదు వరసగా గుచ్చి ఉన్నాయి. ఆరో సూది దుప్పటి మీద ఉంది. నోట తడిపి మొనదేర్చిన దారం కొస, దాని బెజ్జం దాకా వచ్చి ఆగింది, ఇంకా ఆరలేదు.