తొంభైతొమ్మిది సెంట్ల ‘ఏడో లంగరు’

గ్లెనిస్‌కి కడుపు మండిపోతోంది. మండదూ మరి! అల్వర్‌స్టన్ ఊరి లైబ్రరీలో గురువారం గురువారం కలిసే డిటెక్టివ్ నవలల బృందంలో ఆరేళ్ళుగా చవక ఈబుక్ అంటే గ్లెనిసే. స్వీడన్ కానీ, ఇటలీ కానీ, ఎక్కడి ఇన్‌స్పెక్టరైనా సరే, పదిహేను డాలర్ల నవల ఒక్కరోజుకి డాలరు లోపుకి దిగిందంటే ముందు ఆవిడకే తెలియాలి. ఎనిమిదింటికల్లా నోలాకి ఫోను చేసి, “ఒసేయ్, లేచావా? తొందరగా కొనుక్కో, సాయంత్రానికి మళ్ళీ ధర పెరిగిపోతుంది” అనాలి. గురువారం నాడు అందరిచేతా “అబ్బ, నీకెలా దొరుకుతాయే తల్లీ!” అనిపించుకోవాలి. అందరికన్నా చవకది పట్టినవాళ్ళకి కిటికీ పక్కన చేతుల కుర్చీ ఇస్తారు. ఆరేళ్ళూ అది గ్లెనిస్‌దే.

ఇప్పుడు దాన్లో బిర్గిట్ కూర్చుంటోంది. భర్త పోయాక హోబర్ట్ నగరం నుంచి వచ్చిన డెన్మార్క్ మనిషి. ఊళ్ళోకి వచ్చి మూడు నెలలు కాలేదు, గ్లెనిస్ నోరు తెరిచేలోగా తనే “ఈ వారం ఇది తొంభైతొమ్మిది సెంట్లకే వచ్చింది, చూశారా?” అంటుంది. సరిగ్గా గ్లెనిస్ చెబుదామనుకున్న పుస్తకమే! పైగా ఆ నవలల్లోని ఊళ్ళ పేర్లు ఎలా పలకాలో కూడా నేర్పుతుంది. అదీ పోనీ అనుకోవచ్చు. నలభై ఏళ్ళ స్నేహితురాలు నోలా వెళ్ళి ఆవిడ పక్కనే కూర్చుని, ఆవిడ తెచ్చిన యాలకుల రొట్టె తింటూ ఇకఇకలాడుతుంటే ఎలా ఓర్చుకోవడం? గ్లెనిస్ చేసుకొచ్చిన లామింగ్టన్ కేకు ముక్కలు పళ్ళెంలో పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

అన్ని హత్యల నవలలు చదివిన బుర్ర ఊరికే ఉంటుందా? తను పట్టిన పుస్తకం సంగతి ముందుగా తెలిసేది నోలా ఒక్కదానికే. మరి బిర్గిట్‌కి మోస్తున్నదెవరు? ఇంకెవరు, ఆ నోలాయే! ఉండు, నీ సంగతి తేలుస్తాను అనుకుంది గ్లెనిస్.

సోమవారం పొద్దున్నే ఫోను చేసింది.

“ఏమే, మన ఫిన్లండు ఇన్‌స్పెక్టరుది కొత్తది దిగింది. ‘ఏడో లంగరు’. తొంభైతొమ్మిది సెంట్లు. గడ్డకట్టిన రేవులో పడవవాడి శవం, వాడి జేబులో ఆరు తాళంచెవులు...”

“అమ్మో, ఆపవే, నేనే చదువుకుంటా! ఉండు, పేరు రాసుకోనీ. నా కళ్ళజోడు ఏదీ?”

అలాంటి పుస్తకమే లేదు. పడవవాడూ లేడు, తాళంచెవులూ లేవు. గురువారం బిర్గిట్ నోట ఆ పేరు వచ్చిందంటే దొంగ దొరికిపోయినట్టే. మంగళవారం, బుధవారం ఎనిమిదింటికి ఫోను చేస్తే నోలా ఎత్తలేదు. చూశావా, అప్పుడే ముఖం చాటేస్తోంది అని పళ్ళు నూరుకుంది గ్లెనిస్.

గురువారం బిర్గిట్ చెప్పింది ‘ఏడో లంగరు’ కాదు, ఏదో ఇటలీ నవల. పొద్దున గ్లెనిస్ పట్టిందీ అదే. కానీ దాని సంగతి తను నోలాకి కూడా చెప్పలేదు!

“మీకెలా తెలుస్తాయండీ ఇవన్నీ?” అని కటువుగానే అడిగింది గ్లెనిస్.

“రోజూ పొద్దున్నే చవక పుస్తకాల మెయిల్ వస్తుందిగా. మీకూ అదే కదండీ?”

అదే. వేలమందికి వచ్చే మెయిలే. నోలా ఎవరికీ ఏదీ మొయ్యలేదు.

అప్పుడు వచ్చింది నోలా. తల కూడా సరిగ్గా దువ్వుకోలేదు. చేతిలో నలిగిన కాగితం.

“నా బుర్ర పోతోందే గ్లెనిస్. మూడు రోజులుగా వెతుకుతున్నా. ఆ పేరుతో పుస్తకమే లేదు. నువ్వు నిజంగా ఫోను చేశావో, నేనే కలగన్నానో! అడగాలంటే భయమేసి నీ ఫోను కూడా ఎత్తలేదు. మా అమ్మకీ ఇలాగే మొదలైంది. రేపు డాక్టరు దగ్గరికి వెళ్తున్నా.”

నోలా తల్లి ఆఖరి రోజుల్లో కన్నకూతుర్నే “ఎవరమ్మా నువ్వు?” అని అడిగింది. అప్పుడు నోలా చెయ్యి పట్టుకుని కూర్చున్నది గ్లెనిసే.

“అయ్యో, అలా అనుకోకండి,” అంది బిర్గిట్ లేచి వచ్చి. “అనువాదాలకి దేశానికో పేరు పెడుతుంటారు. ఇంకో పేరుతో ఉంటుంది, నేను వెతికి పెడతాను.”

గ్లెనిస్ అవునని తలూపితే సరిపోయేది, గండం గడిచిపోయేది. కానీ ఆ కాగితం మీద ‘ఏడో లంగరు’ అని పెద్దపెద్ద అక్షరాలతో మూడుసార్లు రాసి ఉంది.

“లేదే. అలాంటి పుస్తకం లేదు. నేనే కల్పించాను.”

“ఎందుకే?”

“నేను చెప్పినవి నువ్వు ఈవిడకి మోస్తున్నావేమో కనిపెడదామని. ఓర్వలేకపోయానే.”

బిర్గిట్ తల దించుకుంది. నోలా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చేతిసంచిలో వేసుకుంది. గోడ వారగా ఉన్న కుర్చీలో ఒక్కర్తే వెళ్ళి కూర్చుంది. పక్క కుర్చీలో సంచి పెట్టింది. టీలు పోయడం అయింది, చర్చ మొదలైంది. గ్లెనిస్ నిలబడే ఉంది.

“అయితే ఎవరు చంపారే?” అంది నోలా ఉన్నట్టుండి.

“ఎవర్ని?”

“ఆ పడవవాణ్ణి. మూడు రోజుల నుంచి నిద్ర లేదు నాకు.”

“ఇంకెవరు...” గ్లెనిస్ ఒక అడుగు ముందుకేసింది. “స్నేహితురాలే.”

“అనుకున్నా,” అంది నోలా. ఆవిడ ముఖం ఇంకా ముడుచుకునే ఉంది. కానీ పక్క కుర్చీలో సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.